ఇంటి చదువు - దినచర్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఒక పల్లెటూరిలో 25 సంవత్సరములపాటు ప్రతి సాయంకాలము గ్రంథాలయపు తలుపు తెరచుట చిన్న విషయము కాదు. పుస్తకములు కొనుట ఒకనాటి పని. తలుపు తెరచుట ప్రతినాటి పని. అట్టి ప్రతినాటి పనిని గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇంటిలో పిల్లల చదువు ఎట్లు సాగవలెను? కార్యవర్గమువారు నాకిచ్చిన విషయమిది. నేను బడిలో చాలకాలము పాఠములు చెప్పినవాడను. కాని ఇంటిలో చెప్పబోయి ఓడిపోయినవాడను. ఆ ఓటమినే ముందుగా మీకు విన్నవించెదను.

2020 మార్చిలో కోవిడ్ వ్యాధివలన దేశమంతట బడులు మూతపడెను. మన రాష్ట్రములో ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారములద్వారా పాఠములు చెప్పసాగిరి. పట్టణములవారికి అది కొంత ఆధారమయ్యెను. 2016లో జిల్లా రెండుగా వేరుపడినను, ఖమ్మమునకును భద్రాచలమునకును నడుమనున్న అడవి అంచు బ్రతుకు ఒక్కటే. ఇచ్చట టీవీ ఉన్న యింట కరెంటు నిలువదు; ఫోను ఉన్న యింట సిగ్నలు అందదు. చిన్న తరగతుల పిల్లలకు 2021 సెప్టెంబరువరకు, అనగా ఇంచుమించు ఏడాదిన్నర, ఇల్లే బడి అయ్యెను.

అప్పుడు మా మనుమరాలు రెండవ తరగతి పిల్ల. నేను వెంటనే గోడకు ఒక పట్టిక అంటించితిని. తొమ్మిది గంటలకు తెలుగు, పదింటికి లెక్కలు, పదకొండింటికి ఇంగ్లీషు. గంటకు మారుగా కంచుపళ్లెము మ్రోగించితిని. మొదటి వారము పిల్లకు వేడుకగానుండెను. రెండవ వారము కంటనీరు పెట్టెను. మూడవ వారము పళ్లెము చప్పుడు విని పశువుల కొట్టములో దాగుకొనెను. అంతకుముందు తానై కథల పుస్తకము తెచ్చి, "తాతయ్యా, చదువు" అని ఒడిలో కూర్చుండు పిల్ల, ఆ నెలలో పుస్తకము ముట్టుటయే మానివేసెను. నేను చేయి చేసికొనలేదు. కాని దెబ్బకు తీసిపోని మాటలంటిని. ఇన్నేండ్లు ఊరి పిల్లలకు చదువు చెప్పిన నేను ఇంటి పిల్లకు చదువుపై విరక్తి కలిగించితినే యని ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు.

మరునాడు నా భార్య అన్నమాట ఇప్పటికిని నా చెవిలోనున్నది. "బడికైతే గంట కావాలె గాని ఇంటికెందుకండీ? పొయ్యి ముట్టియ్యటానికి నేనేమన్నా గంట కొడుతున్ననా? పొద్దు చూస్తే చెయ్యి దానంతటదే పొయ్యికాడికి పోతది."

ఆలోచించి చూడగా ఆమె మాటలో గొప్ప సత్యము గలదు. నలువదిమంది పిల్లలను ఒకచోట కూర్చుండబెట్టుటకు బడికి గంట అవసరము. ఇంటిలో ఉన్నది ఒక్కరో ఇద్దరో. బడిలో ఒక్కొక్క బిడ్డవంతునకు వచ్చు ఉపాధ్యాయుని సమయము ఏపాటి? ఇంటిలో ప్రక్కన కూర్చుండి అరగంట చెప్పిన చాలును. మిగిలిన దినమంతయు బిడ్డ చూచుచు, వినుచు, చేయుచు నేర్చుకొనును. ఇంటికి గంట లేదు గాని క్రమము లేకపోలేదు. ప్రొద్దుపొడుపు, మధ్యాహ్నపు నీడ, సందెదీపము అను మూడు గురుతులు ప్రతి యింటను అనాదిగా ఉన్నవి.

నేను పట్టిక చింపివేసితిని. ఉదయము పిల్ల నాయనమ్మతో పెరటిలో తిరుగును. పాదులకు నీరు పోయుచు మొక్కలు లెక్కించును, పేర్లు అడుగును. మధ్యాహ్నము దానికి విడుపు. ఎవరును ఏమియు చెప్పరాదు. సందెదీపము పెట్టిన పిమ్మట అరగంట పుస్తకము. మొదట నేను చదువుదును, ఇష్టమైనచో పిల్ల చదువును, లేకున్న వినును. ఇరువది దినములు అది వినుట మాత్రమే చేసెను. నేను ఓర్చుకొంటిని. ఒకనాడు నేను ఒక వాక్యము తప్పు చదువగా, "కాదు తాతయ్యా, ఇక్కడ అట్ల లేదు" అని పుస్తకము లాగుకొని తానే చదివెను. ఆ తప్పు నేను కావలెనని చేసినది కాదు!

ఆ ఆగస్టులోనే గోదావరికి పెద్దవరద వచ్చెను. భద్రాచలమువద్ద నీటిమట్టము 43 అడుగులైన మొదటి హెచ్చరిక, 48 అయిన రెండవది, 53 అయిన మూడవది అని మనకందరకు తెలిసినదే. మూడవ హెచ్చరికయు దాటిన ఆ దినములలో పిల్ల వార్తలు విని అంకెలు వ్రాసికొని, ఎన్ని అడుగులు పెరిగెనో తీసివేతలు చేసెను. 2022 జూలై 16న నీరు 71.3 అడుగులకు వచ్చినప్పుడు, 1986 నాటి 75.6 అడుగులకు ఎంత తక్కువయో దశాంశములలో చెప్పెను. ఏ పట్టికలో ఈ పాఠము వ్రాయగలము?

మన పొరుగుననున్న కోయ కుటుంబములకు ఈ సంగతి మనకంటె ముందే తెలియును. ఎండకాలపు మొదట తెల్లవారకమునుపే ఇప్పపూవు ఏరుటకు తల్లివెంట బిడ్డ పోవును. పిమ్మట తునికాకు కాలము. 50 ఆకులు ఒక కట్ట. 20 కట్టలైన 1000 ఆకులు. లెక్కలు రావని బడిలో అనిపించుకొన్న పిల్లవాడు కల్లము దగ్గర ఒక్క కట్టయు తప్పడు. ఆ రోజులలో పుస్తకము పావుగంట చాలును. వానకాలపు ముసురులో గంటయైనను బరువుకాదు. దినచర్య ఋతువుతోపాటు మారవలెను. కోయ తల్లి కోయ మాటలోనే కథ చెప్పవలెను, అదియు చదువే.

ఇది క్రొత్త మాట కాదు. 1874లో మనకు చేరువనున్న నందిగామలో పుట్టిన భండారు అచ్చమాంబగారు బడికి పోయి చదివినవారు కారు. చిన్ననాటనే పెండ్లియై, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు తమ యింటనుండి చదువుకొనుచుండగా, అతనితోపాటు నేర్చుకొనిరి. 31 ఏండ్లు నిండకమునుపే, 1905లో, కన్నుమూసిన ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వ్రాసి తెలుగు స్త్రీలకు దారి చూపిరి. ఆ తమ్ముడు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపించినవారిలో ఒకరు. ఒక యింటి చదువు గ్రంథాలయోద్యమమునకు ఎంత దగ్గరగానున్నదో చూడుడు.

అయితే ఒక హెచ్చరిక చేయకున్న నా ప్రసంగము ఒంటికంటి మాట యగును. ఇంటి చదువు అను పేర బిడ్డను పనికి పెట్టుట చదువు కాదు. 6 మొదలు 14 ఏండ్లవరకు బడి చదువు బిడ్డల హక్కని 2009 నాటి చట్టము చెప్పుచున్నది. మా వీధిలోనే బడులు మూతపడిన కాలమున మిరపకాయల కోతకు పోయిన ఒక బాలిక, బడులు తెరచిన పిమ్మట తిరిగి పోలేదు. ఆ బాలికకును ప్రొద్దు ఉండెను, పని ఉండెను. సందెదీపమువద్ద ప్రక్కన కూర్చుండువారు మాత్రము లేకపోయిరి. నాలుగిండ్ల అవతలనున్న నేనును పోయి కూర్చుండలేదు. మా పిల్ల చదువు చక్కబడినదని సంతోషించుచుంటిని. ఆ తప్పు ఇతరులపై నెట్టను.

కావున కార్యవర్గమువారికి నా విన్నపము. ఏ యింట చదువరులు లేరో ఆ యింటి బిడ్డలకొరకు వారమునకు రెండు సాయంకాలములు ఇచ్చటనే దీపము పెట్టి, పెద్దలొకరు బిగ్గరగా చదువు ఏర్పాటు చేయుడు. పరీక్ష వలదు, పట్టిక వలదు. మొదటి సాయంకాలము నేను వచ్చెదను. మా మనుమరాలు కూడ వచ్చును. నేను తప్పు చదివిన దిద్దుటకు ఒకరు కావలెను గదా!

ఈ తలుపు ఇట్లే తెరచియుండుగాక. సెలవు.