పురిటి గదిలో ప్రార్థన

రాత్రి రెండు గంటల వేళ. ఇల్లంతయు నిద్రించుచున్నది. ఒక్క గదిలో మాత్రము చిన్న దీపము వెలుగుచున్నది. ఆ వెలుగులో ఒక తల్లి పొత్తిళ్ళలోని పసికందును ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. బిడ్డ పాలు త్రాగి, ఒక కునుకు తీసి, మరల ఏడ్చును. ఆమెకు కన్నులు మూతలు పడుచున్నవి. ఈ విధముగా ఎన్ని రాత్రులు గడచినవో ఆమె లెక్కపెట్టుట మానివేసినది.

ఆమె క్రైస్తవ కుటుంబమున పుట్టి పెరిగినది. తెల్లవారుజామున మోకరించుట, సాయంకాలము ఇంటిల్లిపాదియు కూడి కీర్తన పాడి, వాక్యము చదివి ప్రార్థించుట ఆమెకు చిన్ననాటి అలవాటు. ఇప్పుడా గ్రంథము బల్లమీద మూసినది మూసినట్లే ఉన్నది. కన్నులు మూసికొని ప్రార్థింపబోయినచో రెండవ మాటకే నిద్ర ముంచుకొని వచ్చుచున్నది. అడిగినది దేవుడిచ్చెను గదా, ఇచ్చిన పిమ్మట నేనాయనను మరచితినా యని ఆమె తనలో తాను కుములుచున్నది.

అట్టి తల్లులను గూర్చియు, వారి చుట్టునున్న మనలను గూర్చియు నేడు కొన్ని మాటలు చెప్పదలచినాము. మా శ్రోతలలో అన్ని మతములవారును ఉన్నారు. చెప్పబోవునవి క్రైస్తవ గృహములోని సంగతులే యైనను, పసిబిడ్డ ఏడ్పు అన్ని ఇండ్లలోను ఒక్కటే గనుక తక్కినవారికిని ఇవి పరాయి సంగతులు కావని మా నమ్మకము.

మొదట మా ఇంటి సంగతియే చెప్పుకొందుము. మాకు తొలిబిడ్డ కలిగిన నాటికి మా అత్తగారు జీవించి లేరు. కావున పురుడు మా ఇంటనే జరిగెను. నాలుగైదు దినములు గడచినవో లేదో, బాలెంతరాలు కారణము లేకయే కన్నీరు పెట్టుకొనుట చూచితిమి. మేము చదువుకొన్నవారము, మైకు ముందు కూర్చుండి పదిమందికి మాటలు చెప్పువారము. కాబట్టి ఆలస్యము చేయక ఒక ఉపదేశము చేసితిమి. దేవుడింత మేలు చేయగా ఏడ్చుట తగదనియు, ఒక కీర్తన చదువుకొనినచో ధైర్యము వచ్చుననియు అంటిమి. ఆమె మారు పలుకక గ్రంథము తెరచినది. కన్నీరు మాత్రము ఆగలేదు. అదివరకు మా ఎదుట ఏడ్చునది, అటుపిమ్మట చాటున ఏడ్వసాగినది.

మా మేనత్త ఒకామె ఆ దినములలో సాయమునకు వచ్చియుండెను. ఆమె తన యౌవనమంతయు పల్లెలలో బైబిలు స్త్రీగా పనిచేసినది. ఇంటింటికి నడచి వెళ్ళి ఆడవారికి వాక్యము చెప్పి, అక్షరములు నేర్పి, పురుళ్ళకును రోగములకును తోడు నిలచిన అట్టి స్త్రీలను మన తెలుగు సంఘములలోని పెద్దలెరుగుదురు. ఆమె మమ్ము వసారాలోనికి పిలిచి, "ఒరే నాయనా, ఆ పిల్ల వాక్యం తెలియక ఏడుస్తున్నదనుకున్నావా? దానికి నిద్ర లేదురా. ముందు దాన్ని పడుకోనియ్యి. దాని బదులు ప్రార్థన నేను చేస్తాను. నువ్వు పోయి ఆ పొత్తిగుడ్డలు ఉతుకు" అన్నది.

ఆ మధ్యాహ్నము మేము గుడ్డలుతికితిమి. మేనత్త బిడ్డను భుజముపై వేసికొని, పెదవుల మధ్య ఏదో అనుకొనుచు వసారాలో ఈ చివరనుండి ఆ చివరకు తిరుగుచుండెను. బాలెంతరాలు నాలుగు గంటలు ఒళ్ళెరుగక నిద్రించెను. లేచి, ఆకలి యగుచున్నదని తానే నోరు తెరచి అడిగెను.

తరువాత వేదగ్రంథమును మరల చూడగా, మా మేనత్త మాటకు ఆధారములు అందు మొదటినుండియు ఉన్నట్లు కనబడినది.

హన్నా కథ చాలమందికి తెలిసినదే. సంతానము లేక షిలోహులోని మందిరమునకు పోయి మనస్సులోని దుఃఖమంతయు దేవుని ఎదుట వెళ్ళబోసికొనిన ఇల్లాలు ఆమె. పెదవులు కదలుచున్నను స్వరము వినబడకుండుట చూచి, యాజకుడైన ఏలీ ఆమె ద్రాక్షారసము త్రాగినదని పొరబడెను. మన ప్రసంగములలో ఈ ఘట్టమును విరివిగా చెప్పుదురు. పుట్టిన సమూయేలును ఆమె దేవునికి అర్పించిన ఘట్టమును చెప్పుదురు. ఆ రెంటి నడుమ, రెండు మూడు వచనములలో ఇమిడియున్న ఒక సంగతిని దాటి పోవుదురు. బిడ్డ పుట్టిన తరువాత, ఏటేట జరుగు బలి నిమిత్తము ఎల్కానా ఇంటివారినందరిని వెంటబెట్టుకొని బయలుదేరెను. హన్నా వెళ్ళలేదు. బిడ్డ పాలు విడుచువరకు రానని భర్తతో చెప్పినది. ఆతడును ఆమెకు మేలని తోచినట్లు చేయవచ్చునని ఒప్పుకొనెను.

ప్రార్థనకు మాదిరిగా మనము తలచు స్త్రీయే, ఆ ప్రార్థనకు ఫలముగా పుట్టిన బిడ్డ కొరకు మందిరయాత్ర మానుకొన్నది. గ్రంథము ఆమెను ఒక్క మాటయైన అనలేదు. ఆ కాలమున బిడ్డలు పాలు విడుచుటకు రెండు మూడేండ్లు పట్టెడిది. కాబట్టి ఆమె మానినది ఒక్క పండుగ కాదు. ఆ యేండ్లలో బిడ్డకు పాలిచ్చుటయే ఆమె ఆరాధన. ఇల్లు విడిచి గుడికి పోలేకపోతినే యని నొచ్చుకొను తల్లి ఈ వచనములను తలచుకొనవచ్చును. ఆమె భర్త ఎల్కానా మాటను తలచుకొనవచ్చును.

ఇంకొక కథ ఏలీయాది. ఆ ప్రవక్త అలసి, బ్రదుకుమీద విసుగు పుట్టి, అరణ్యములో ఒక చెట్టుక్రింద పడుకొని చావు కోరెను. దేవదూత వచ్చెను. విశ్వాసము చాలదని గద్దించెనా? లేదు. కాల్చిన రొట్టెను, నీళ్ళబుడ్డిని తలదగ్గర పెట్టి, లేచి భోజనము చేయుమనెను. ప్రవక్త తిని, త్రాగి, మరల పడుకొనెను. దూత పడుకొననిచ్చెను. రెండవమారు వచ్చి మరల భోజనము పెట్టెను. కొండమీద దేవుని మెల్లని స్వరము ఏలీయాకు వినిపించినది అటుపిమ్మట ఎన్నో దినములకు. ముందు నిద్రయు అన్నమును, ఆ తరువాత మాట. పురిటి గదిలోనికి ప్రార్థన చేయుటకు పోవువారు ఈ వరుసను మరువరాదు.

మూడవది మరియమ్మ కథ. గర్భవతిగా ఎలీసబెతు ఇంట అంతటి స్తుతి పలికిన ఆ తల్లి, ప్రసవమైన పిమ్మట ధర్మశాస్త్రము చొప్పున బిడ్డను యెరూషలేము మందిరమునకు తెచ్చినది. మగబిడ్డ పుట్టినచో 40 దినములు గడచిన తరువాత తల్లి గొఱ్ఱెపిల్లను అర్పింపవలెననియు, అంత శక్తి లేనివారు రెండు పక్షులను తేవచ్చుననియు లేవీయకాండము 12వ అధ్యాయము చెప్పును. మరియమ్మ యోసేపులు తెచ్చినది పేదల అర్పణమే. మందిరములో సుమెయోను అను వృద్ధుడు బిడ్డను చేతులలోనికి తీసికొని దేవుని స్తుతించెను. అన్న అను ముసలి వితంతువు కృతజ్ఞత చెల్లించెను. ఆ దినమున మరియమ్మ పలికిన మాటగా లూకా ఒక్కటియు వ్రాయలేదు. బాలెంత మౌనముగా నిలువగా, పెద్దవారు బిడ్డనెత్తుకొని ఆమె పక్షమున స్తుతి చేసిరి. వసారాలో మా మేనత్త చేసినదియు ఇదియే.

ఆ నలుబది దినముల ఆచారమునుండియే క్రైస్తవ సంఘములలో ప్రసవించిన స్త్రీల ఆరాధనక్రమము ఒకటి ఏర్పడినది. ఇంగ్లండు సంఘము 1549లో వెలువరించిన ప్రార్థన గ్రంథములో దానికి స్త్రీల శుద్ధి యని పేరు. 1552లో ఆ పేరు మార్చి, ప్రసవించిన స్త్రీల కృతజ్ఞతాస్తుతి యనిరి. మారినది పేరే యైనను అందొక భావమున్నది. తల్లి కడుగుకొనవలసిన మైల ఏదియు లేదు. చెల్లింపవలసినది కృతజ్ఞత మాత్రమే. మన ఇండ్లలో బాలెంతను ఒక మూలకు నెట్టి, ఆమె తాకినది తాకరాదను వారింకను ఉన్నచో ఈ సంగతి ఆలోచింపవలెను.

ఇక తండ్రుల మాట. మార్టిన్ లూథరు 1522లో వివాహ జీవితమును గూర్చి వ్రాసిన గ్రంథములో, తండ్రి బిడ్డ గుడ్డలుతుకుచుండగా జనులు నవ్వవచ్చును గాని, విశ్వాసముతో చేసిన ఆ పనిని చూచి దేవుడును దేవదూతలును సంతోషముతో చిరునవ్వు నవ్వుదురను భావము వెలిబుచ్చెను. మా మేనత్త లూథరును చదివినది కాదు. కాని ఇద్దరును ఒక్కటే చెప్పిరి.

ఇప్పుడు కొంచెము జాగ్రత్తగా వినవలసిన సంగతి. ప్రసవించిన రెండు మూడు దినములకు అకారణముగా ఏడ్పు వచ్చుట, మనస్సు కలత పడుట చాలమంది తల్లులకు జరుగును. అది సాధారణముగా రెండు వారములలో తనంత తానే తగ్గును. మా ఇంట అట్లే తగ్గినది. కాని అందరికిని తగ్గదు. రెండు వారములు దాటినను దిగులు వదలక, ఆకలి లేక, బిడ్డ నిద్రించినను తనకు నిద్ర పట్టక, బిడ్డమీద మమకారము కలుగక, నేనెందుకు బ్రదికియున్నానను తలంపు వచ్చుచున్నచో అది జబ్బు. జ్వరమెట్టిదో ఇదియు నట్టిదే. వర్ధమాన దేశములలో ప్రసవించిన స్త్రీలలో నూటికి ఇంచుమించు 20 మందికి మానసికమైన అనారోగ్యము, ముఖ్యముగా ఈ దిగులు, కలుగుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దీనిని కనిపెట్టుటకు 1987లో ఎడింబరో పేరిట 10 ప్రశ్నల పట్టిక ఒకటి వెలువడినది. గడచిన ఏడు దినములు మనస్సెట్లున్నదని అది అడుగును. దీనికి చికిత్స ఉన్నది.

మేమెరిగిన ఒక ఇంట ఇట్టి తల్లిని నెలల తరబడి ఇంకను ప్రార్థింపుమని, ఇంకను విశ్వసింపుమని చెప్పుచు వచ్చిరి. ఆమె మరింత క్రుంగెను. టీకాల కొరకు వచ్చిన నర్సు ఆమె ముఖము చూచి, పక్కన కూర్చుండి నాలుగు ప్రశ్నలడిగి వైద్యునికి చూపించెను. ఆమె తేరుకొన్నది. ఆ నర్సును పంపినది దేవుడే యని నేడామె చెప్పుచుండును. మందును ప్రార్థనయు ఒకదానికొకటి పగ కావు. 1883లో గుంటూరునకు వచ్చిన వైద్యురాలు ఆన్నా సారా కుగ్లరు తెలుగు స్త్రీల పురుళ్ళకొరకును రోగములకొరకును పాటుపడి, 1898లో ఆసుపత్రి తెరచి, 1930లో ఆ ఊరనే కన్నుమూసిరి. ఆమె ప్రార్థించు స్త్రీ. వైద్యము చేసిన స్త్రీ. నేడు మనస్సు బాగులేనివారికి సలహా చెప్పుటకు 2022లో ప్రభుత్వము ఏర్పరచిన టెలి మానస్ ఉన్నది. దాని సంఖ్య 14416. ఆ సంఖ్యకు టెలిఫోను చేయుట అవిశ్వాసము కాదు.

పురిటి ఇంటికి పోవు సంఘపెద్దలకును చుట్టములకును ఒక మనవి. ప్రార్థన అయిదు నిముషములకు మించనీయకుడు. చేతిలో ఒక క్యారియరు భోజనము తీసికొని పోవుడు. బిడ్డను ముద్దాడుటకంటె ముందు తల్లిని ఎట్లున్నావమ్మా యని అడుగుడు. అడిగి, జవాబు వినుడు. ఆడబిడ్డ పుట్టిన ఇంట, పై కాన్పున కొడుకును దయచేయుమని తల్లి వినుచుండగా ప్రార్థించుట మేము చెవులార విన్నాము. అప్పుడా తల్లి ముఖము గోడవైపు తిరిగినది. అట్టి ప్రార్థనకంటె మౌనము మేలు. ఒడిలోనున్న బిడ్డకొరకు కృతజ్ఞత చెల్లింపక, రాని బిడ్డను కోరుట ఏమి భక్తి?

తల్లీ, నీకు చెప్పవలసినది కొంచెమే. పెద్ద ప్రార్థనలు ఇప్పుడు నీవు చేయనక్కరలేదు. పాలు పట్టునపుడొక మాట, ఉయ్యాలలో వేయునపుడొక మాట చాలును. మాట రాకున్న నిట్టూర్పు చాలును. మధ్యలో నిద్ర వచ్చినచో నిద్రింపుము. నీ బదులు ప్రార్థించువారు ఇంటిలో ఉండవలెను, లేనిచో అది వారి లోపము గాని నీది కాదు. బల్లమీది గ్రంథము ఎక్కడికిని పోదు. ఈ రాత్రి నీకు మాటలు దొరకనిచో, ఈ నాలుగు మాటలు తీసికొనుము.

ప్రభువా, అలసినాను. ఈ బిడ్డ నీవిచ్చినది. మా యిద్దరిని నీ చేతులలో పెట్టుకొనుము. నేను నిద్రించినను నీవు మేలుకొని యుండుము. ఆమేన్.