విశ్వవిద్యాలయ ప్రవేశము – మన పిల్లల అవకాశములు

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఇప్పుడే పంతులుగారు ఆదాయవ్యయములు, రాజపూజ్యావమానములు చదివి వినిపించినారు. నేను చెప్పబోవునది కూడ ఒక లెక్కయే. అయితే ఇది గ్రహములను బట్టి గాక మార్కులను, కాగితములను బట్టి నడచు లెక్క. నేను పదవ తరగతి ప్యాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాడను. కాలేజీ మెట్లు ఎక్కలేదు. కాని మన చెన్నపట్టణములో ఏటేటా దరఖాస్తులు నింపించుకొనుటకు మన పిల్లలు నా వద్దకు వచ్చుచుందురు. ఆ పనిలో తెలిసికొన్న సంగతులనే మనవి చేసెదను.

“మావాడికి సీటు వచ్చునా?” అని తండ్రులు అడుగుదురు. టిక్కెట్టు కిటికీ వద్దకు వచ్చి “బెర్తు ఉన్నదా?” అని మాత్రమే అడిగినచో మేమేమి చెప్పగలము? ఏ బండి, ఏ తేదీ, ఏ కోటా అన్నది తెలియవలెను గదా! సీటు సంగతియు అంతే. మార్కులెన్ని, ఏ కులవర్గము, ఏ రాష్ట్రమున ఎన్నియేండ్లు చదివినాడు — ఈ మూడును తెలిసిన పిమ్మటనే జవాబు.

మొదట మార్కులు. 1978 లో ఏర్పడిన అన్నా విశ్వవిద్యాలయమునే తీసికొందము. అందులోని గిండీ ఇంజనీరింగు కాలేజీకి మూలము 1794 నాటి సర్వే స్కూలు. తమిళనాడులో ఇంజనీరింగు ప్రవేశపరీక్ష 2007 నుండి లేదు. పన్నెండవ తరగతి మార్కులే ఆధారము. గణితమునకు నూరు, ఫిజిక్సుకు ఏబది, కెమిస్ట్రీకి ఏబది — మొత్తము 200. ఒక పిల్లవానికి గణితములో 90, ఫిజిక్సులో 80, కెమిస్ట్రీలో 84 వచ్చినవనుకొందము. 90, 40, 42 కలిపి 172. అనగా గణితములో పోయిన ఒక్క మార్కు ఫిజిక్సులో పోయిన రెండు మార్కులతో సమానము. ఇద్దరికి ఒకే మొత్తము వచ్చినచో మొదట గణితపు మార్కే చూచెదరు. ఈ లెక్క తెలిసిన పిల్లవాడు ఏ సబ్జెక్టుకు ఎంత సమయము పెట్టవలెనో తానే నిర్ణయించుకొనగలడు. వైద్యవిద్యకు మాత్రము ఈ లెక్క పనికిరాదు. 2017 నుండి ఇక్కడ కూడ నీట్ పరీక్షయే ఆధారము.

గిండీ, క్రోంపేటలలోని విశ్వవిద్యాలయపు సొంత కాలేజీలలో పోటీ మిక్కిలి హెచ్చు. కాని అదే కౌన్సెలింగులో నాలుగు వందలకు పైగా కాలేజీలు ఉన్నవి. గిండీలో రాలేదని పిల్లవానిని నిందింపరాదు. గత సంవత్సరములలో ఏ కాలేజీలో, ఏ వర్గమునకు, ఎంత మార్కు వద్ద సీట్లు ముగిసినవో ప్రకటింతురు. ఆ పట్టికను ముందుంచుకొని ఎంపికలు వ్రాయవలెను.

ఇక వర్గము. ఇక్కడ రిజర్వేషను 69 శాతము. తక్కిన 31 శాతము అందరికిని. ఒక కులము ఆంధ్రలో ఏ జాబితాలో ఉన్నదో ఇక్కడ కూడ అందులోనే ఉండునని అనుకొనరాదు. ఆంధ్రలో షెడ్యూల్డు తెగకు చెందిన ఒక విద్యార్థి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో పెరిగి, అక్కడ ఆ కోటాలో మెడికల్ సీటు కోరగా, వలస వచ్చినంత మాత్రమున వేరొక రాష్ట్రములో ఆ హక్కు రాదని 1990 లో సుప్రీంకోర్టు తేల్చినది. కావున తాతగారి ఊరి సర్టిఫికెట్టును పెట్టెలో భద్రపరచినంత మాత్రమున చాలదు. ఇక్కడి తహసీలుదారు ఇచ్చినది ఉండవలెను. మనలో తెలుగు మాటలాడు అరుంధతీయ కుటుంబములు అనేకము. వారికి 18 శాతములో 3 శాతము ప్రత్యేకముగా 2009 చట్టము ఇచ్చినది. మాదిగ, ఆది ఆంధ్ర మొదలైన పేర్లును అందులో చేరియున్నవి. ఈ సంగతి తెలియక ఏ బిడ్డయు నష్టపోరాదు. ప్రభుత్వ పాఠశాలలలో ఆరు నుండి పన్నెండు వరకు చదివినవారికి 7.5 శాతము కేటాయించుచు 2020 లో వైద్యమునకు, 2021 లో ఇంజనీరింగు మొదలైన వానికి చట్టములు చేసినారు. ప్రైవేటు బడి, ఎయిడెడ్ బడి దీని కిందికి రావు.

మూడవదే అన్నిటికంటె ముఖ్యము. ఎనిమిది నుండి పన్నెండు వరకు తమిళనాడులో చదివిన పిల్లవానికి నేటివిటీ సర్టిఫికెట్టు అక్కరలేదు. మధ్యలో బయట చదివినచో అది కావలెను. ఆంధ్రలోనో, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి 85 శాతము సీట్లు స్థానికులకే. స్థానికుడనగా ఇంటర్మీడియెట్ ముగియువరకు వరుసగా నాలుగేండ్లు అక్కడ చదివినవాడు. తక్కిన 15 శాతములో పోటీ పడుటకైనను తల్లిదండ్రులు పదేండ్లు ఆ రాష్ట్రములో నివసించియుండుటయో, అక్కడ ప్రభుత్వోద్యోగములో నుండుటయో కావలెను.

మనవారు చేయునదేమి? పదవ తరగతి ఇక్కడ ముగియగానే “మన భాష, మన ఊరు” అని పిల్లవానిని బెజవాడకో నెల్లూరుకో ఇంటర్మీడియెట్‌కు పంపుదురు. రెండేండ్ల చదువుతో అక్కడ స్థానికుడు కాడు. ఇక్కడ వరుస తెగిపోవును. రెంటికి చెడిన రేవడి యగును. నాతో పనిచేయు మిత్రుని కుమారునికి ఇట్లే జరిగినది. మూడు తరముల నుండి ఇక్కడనే ఉన్న కుటుంబము. పిల్లవాడు ఆంధ్రలో మంచి ర్యాంకు తెచ్చుకొన్నాడు. కన్వీనరు సీటుకు అర్హత లేదన్నారు. ఇక్కడ నేటివిటీ కాగితము చేతికి వచ్చుసరికి గడువు తేదీ దాటినది. చివరకు తండ్రి ప్రావిడెంటు ఫండు నుండి డబ్బు తీసి మేనేజ్‌మెంటు సీటు కొన్నాడు. పిల్లవాని తెలివిలో లోపమేమియు లేదు.

మా అమ్మాయి ఈ జూనులో ఎనిమిదవ తరగతిలో అడుగుపెట్టును. నెల్లూరు వైపునుండి ఒకరు మ్యూచువల్ బదిలీకి నన్ను అడిగినారు. మా అమ్మగారికి అచ్చటికి పోవలెనని ఎంతో కోరిక. ఇప్పుడే పోయినచో అమ్మాయి అక్కడ స్థానికురాలగును. రెండేండ్లు ఆలసించినచో ఎక్కడికిని చెందదు. కావున పోవుటయా, పన్నెండు ముగియువరకు కదలకుండుటయా అన్నది ఈ నెలలోనే తేల్చవలసి వచ్చినది. ఉండుటకే నిశ్చయించితిమి. అమ్మగారు రెండు దినములు మాటలాడలేదు. పిమ్మట “దాని చదువు తరువాతనే నా ఊరు” అన్నారు.

అమ్మలారా, అయ్యలారా! నేను చెప్పదలచినది ఇంతే. సీటు సంగతి పన్నెండవ తరగతి ఫలితములనాడు మొదలగునది కాదు. ఎనిమిదవ తరగతిలోనే మొదలగును. ఏ రాష్ట్రపు తలుపు తట్టవలెనో అప్పుడే నిశ్చయించి, ఆ రాష్ట్రములోనే నిలకడగా చదివించుడు. కులము, ఆదాయము, నేటివిటీ కాగితములను, ఇంటిలో మొదటి పట్టభద్రుడు కాబోవుచున్నచో ఆ సర్టిఫికెట్టును సెలవులలోనే తెచ్చి ఉంచుడు. పేర్లలో, ఇంటిపేరు పొడి అక్షరములలో తేడాలున్నచో ఇప్పుడే దిద్దించుడు.

ఇక్కడనే చదివినచో తెలుగు పోవునని కొందరి భయము. తిరుత్తణిలో పుట్టి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణగారు 1931 లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షులైనారు. 1857 లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయములో తెలుగు శాఖ ఉన్నది. తమిళము బడిలో బాగుగా నేర్చుకొననిండు. తెలుగు ఇంటిలో నేర్పుట మన పని.

ఈ మే, జూను మాసములలో దరఖాస్తులకు నా సహాయము కావలసిన పిల్లలు ఆదివారము ఉదయము మన సంఘపు గదికి రావచ్చును. అసలు కాగితములు, వాని నకళ్లు రెండును తెచ్చుకొనుడు. ఈ నూతన సంవత్సరము మన బిడ్డలందరికి విద్యాలాభము కలిగించుగాక అని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.