పాట అయిపోయింది, ఇక మీటింగు!

(జిల్లా మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్ళలో మన మీటింగు ఎలా మొదలవుతుందో మీకు తెలుసు. జనం రావాలి కాబట్టి ముందు ఒక పాట. జనం పోగయ్యాక పాట ఆపి, "ఇక అసలు విషయానికి వద్దాం" అంటాం. అంటే అంతసేపూ పాడింది అసలు విషయం కాదన్నమాట! ఆ తర్వాత మనం చట్టాల గురించి మాట్లాడతాం, పాడినవాళ్ళు చేతులు కట్టుకుని వింటారు. నా అభ్యంతరం ఈ పద్ధతి మీదే.

కవిత్వాన్ని స్త్రీల మధ్యకు ఎలా తీసుకెళ్ళాలో చెప్పమన్నారు. వాళ్ళ దగ్గర అది లేదనుకుని బయల్దేరితే మొదటిరోజే దెబ్బ తింటాం. నాట్లలో, తిరగలి దగ్గర, బతుకమ్మ చుట్టూ, అప్పగింతలప్పుడు పాట కట్టింది వాళ్ళే. దాన్ని 'జానపదం' అని ఒక మూలకు నెట్టి, అచ్చయినదాన్ని 'కవిత్వం' అన్నది మనలాంటి చదువుకున్నవాళ్ళు.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు కళాజాతలు ఊరూరా తిరిగాయి. రాత్రిబడి వాచకంలో సారా తెచ్చే కష్టాల మీద ఒక పాఠం ఉండేది. దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ సంగతే మళ్ళీ ఇంకో పాఠమై మిగతా ఊళ్ళకు వెళ్ళింది. 1992లో ఉద్యమం పాకింది, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. పాఠం చదివి ఉద్యమం పుట్టిందని తేలిగ్గా అనేస్తుంటారు. కష్టం పాఠానికి ముందే ఉంది, కోపమూ ఉంది. ఇది నా ఇంట్లోనూ జరుగుతోందని నలుగురిలో నోరు తెరిచి అనడానికి పాఠం చోటిచ్చింది, అంతే. కవిత నుంచి కూడా నేను ఆశించేది ఆ చోటే.

ఇక పని ఎలా చేయాలి? పదిహేను మంది చాలు. రాత్రి వంటలయ్యాక కూర్చోండి. ఒక్క కవిత తీసుకెళ్ళండి, పుస్తకం మొత్తం కాదు. నెమ్మదిగా రెండుసార్లు చదవండి. చదివాక వివరించకండి. ఇదే మనకు కష్టం. నిశ్శబ్దం ఒక్క నిమిషం ఉంటే భరించలేక, "ఏం అర్థమైంది?" అని స్కూలు ఇన్‌స్పెక్టరులా అడుగుతాం. అడిగితే వాళ్ళు మనకు నచ్చే జవాబే చెప్తారు.

ఒక బస్తీలో విమల రాసిన 'వంటిల్లు' చదివాం. గిన్నెల మీద చెక్కించిన పేరు ఎవరిదన్న ప్రశ్న అందులో ఉంది. వెంటనే మాట సొంత గిన్నెల మీదికి మళ్ళింది. పుట్టింటివాళ్ళు పెట్టిన బిందె మీద కూడా తన పేరు లేదని ఒకామె చెప్పింది. అంతవరకు ఊరుకున్న ఒక పెద్దావిడ, "వంటిల్లున్నోళ్ళ బాధ బాగనే ఉంది బిడ్డా, మాకు వంటిల్లేడిది? వాకిట్ల మూడు రాళ్ళేగా" అంది. ఏ విమర్శకుడూ ఇంత సూటిగా అనలేడు. కవిత తప్పని కాదు, అందులో తన ఇల్లు లేదని ఆమె చెప్పింది. మర్నాటి కూటానికి గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు' పట్టుకెళ్ళాం. ఏం చదవాలో ఆ పెద్దావిడే నిర్ణయించిందని చెప్పాలి.

ఇలా నాలుగైదు కూటాలయ్యాక ఎవరో ఒకరు తమ మాట చెప్తారు. ఉన్నదున్నట్టు రాయండి. 'ఏడిది'ని 'ఎక్కడ ఉంది' అని దిద్దకండి. రాశాక వాళ్ళకు చదివి వినిపించండి, కింద పేరు రాయండి. మన కరపత్రాల్లో 'శ్రామిక మహిళ' అని, 'సేకరణ: ఫలానా కార్యకర్త' అని వేస్తున్నాం. కట్టినామె పేరు పోయి రాసుకున్నామె పేరు నిలుస్తోంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచన మీద హక్కు కర్తదే. రిజిస్టరు చేయించాలన్న షరతు లేదు, ఇది నాదని చెప్పుకునే హక్కూ ఉంది. మనం కాగితం మీద పెట్టినంత మాత్రాన అది మనదైపోదు.

పేరు పోవడం చిన్న విషయం కాదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనం' పాత ముద్రణలో కొన్ని పద్యాలతో పాటు ఆమె తన వంశం గురించి చెప్పుకున్న పీఠిక కూడా తీసేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుబట్టి 1910లో పూర్తి పాఠం అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947 దాకా పోలేదు.

అయితే పేరు వేయడమే ప్రమాదమయ్యే సందర్భాలున్నాయి. భర్త కొట్టిన సంగతి మీద పాట కట్టినామె రాత్రికి ఆ ఇంటికే వెళ్ళాలి. అందుకని అడగాలి. పేరు వేయమంటావా, వేరే పేరా, అసలు అచ్చే వద్దా? సరేనన్న మనిషి వారం తర్వాత వద్దంటే ఆపేయాలి. సంచిక ప్రెస్సుకెళ్ళే రోజైనా సరే. దాతలకు పంపే రిపోర్టులో ఆ కవిత బాగుంటుందని మనకు ఆశ పుడుతుంది. ఆ ఆశను కాస్త అదుపులో పెట్టుకోవాలి.

రాయడం రానివాళ్ళకు టేపు పెడదామని నిన్న ఒకరన్నారు. మంచిదే. కానీ పెట్టేముందు చెప్పండి, వినిపించండి, చెరిపేయమంటే వాళ్ళ ఎదుటే చెరపండి.

భోజనాల తర్వాత మూడు గుంపులుగా కూర్చుందాం. మూడు కవితలు తెచ్చాను. చదివాక మొదటి పది నిమిషాలు కార్యకర్తలెవరూ మాట్లాడకూడదు. ఊళ్ళ నుంచి వచ్చిన సంఘం సభ్యులే మొదలుపెడతారు.