ఆరుబయలు: నార్వే మాట, తెలుగు మాట



నార్వే భాషలో ‘ఫ్రీలుఫ్ట్స్‌లీవ్’ అనే మాట ఒకటి కలదు. తెలుగు నాలుకకు కొంత శ్రమ కలిగించే మాటే. విడదీసి చూస్తే ఫ్రీ అంటే స్వేచ్ఛ, లుఫ్ట్ అంటే గాలి, లీవ్ అంటే జీవితం. నాటకకర్తగా లోకప్రసిద్ధుడైన హెన్రిక్ ఇబ్సెన్ 1859 నాటి తన కవితలో దీనిని వాడాడు. నేడు ఆ దేశంలో పసిపిల్లల బడులలోను, చట్టాలలోను ఈ మాట వినిపిస్తుంది.

దీని అర్థం విహారయాత్ర కాదు. ఆటల పోటీ అసలే కాదు. గెలుపు, ఓటమి, కొలత అనేవి లేకుండా కొండలలో, అడవులలో నడవడం, ఎండనూ చలినీ ఉన్నవి ఉన్నట్లు స్వీకరించడం దీనిలోని సారం. వాన పడితే ఇంట కూర్చోరు, తగిన దుస్తులు తొడుక్కుంటారు. కార్తిక వనభోజనాలతో దీనిని పోల్చవచ్చునా అంటే, కొంతవరకే. వనభోజనం ఏటికొకసారి బంధుమిత్రులతో సందడిగా జరిగేది. నార్వే వారిది వారంవారం సాగే అలవాటు, తరచు మౌనంగా.

ఆ అలవాటుకు చట్టం అండగా నిలిచింది. 1957 నాటి చట్టం ప్రకారం సాగులో లేని భూమి ఎవరి సొంతమైనా, నష్టం కలిగించకుండా దానిలో నడిచే హక్కు అందరికీ ఉన్నది. గుడారం మాత్రం నివాసగృహానికి కనీసం 150 మీటర్ల దూరంలో వేసుకోవాలి. ధనికుని పిల్లవానికీ కూలివాని పిల్లవానికీ అడవి ఒకే విధంగా తెరచి ఉండడం చిన్న విషయం కాదు.

ఈ మాటకు తెలుగులో దగ్గరి పదం ‘ఆరుబయలు’. ‘బయలు’ అంటే కప్పులేని విశాలస్థలం. ‘బయలుదేరు’, ‘బయలుపడు’ దాని నుండి వచ్చినవే. ప్రయాణానికి పూనుకోవడం, దాగినది తెలియరావడం, రెండూ తెలుగువానికి బయలులోనికి రావడమే! కన్నడసీమలో పెరిగే పిల్లలకు ఇది మరింత సులువుగా తెలియాలి. ఇక్కడి మైదానప్రాంతం బయలుసీమె, ఆరుబయట ఆడే నాటకం బయలాట. తమిళంలో దీని సోదరపదమైన ‘వయల్’ వరిపొలం.

మాట ఇంత దగ్గరగా ఉన్నా, దాని వెనుకనున్న జీవితం దూరమవుతున్నది. వేసవి రాత్రులలో ఆరుబయట నవారు మంచాలు వేసుకొని సప్తర్షిమండలాన్ని వెదికిన తరం ఈ సభలోనే ఉన్నది. వారి మనుమలకు బడి తరువాత ట్యూషన్, ట్యూషన్ తరువాత టీవీ, ఫోను. దీనికి పిల్లలను నిందించడం న్యాయం కాదు. కాలపట్టిక వేసేది పెద్దలే.

తెలుగులో కానుగ, కన్నడలో హొంగె. తెలుగులో వేప, కన్నడలో బేవు. చింత ఇక్కడ హుణసె. ఒక్కొక్క చెట్టుకు రెండేసి పేర్లు ఎరుగవలసిన పిల్లలు ఒక పేరైనా చెప్పలేక తికమకపడుతున్నారు. తల్లిదండ్రులకు విన్నపం ఒక్కటే. ఆదివారం ఉదయం ఒక గంట పిల్లలతో కలిసి నడవండి, దారిలోని చెట్లను రెండు భాషలలోనూ పిలవండి. ఆ గంటలో ఎక్కాలు అడగవద్దు.