ఆగకుండా మోగే గంట

(మన గుడి హాలులో జరిగిన ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రసాదం వేళ దగ్గర పడుతోంది కాబట్టి క్లుప్తంగానే చెబుతాం.

మేమిద్దరం గుండె మీద పరిశోధన చేస్తామని మీలో చాలామందికి తెలుసు. "ఇంతకీ మీరు చేసేదేమిటి?" అని వడ్డన దగ్గర ఎంతోమంది అడిగారు. గుండెకణం బయటినుంచి వచ్చే కబురును ఎలా వింటుంది, విని ఏం చేస్తుంది? అదే మా పని.

భయపడినప్పుడో, మెట్లెక్కినప్పుడో ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. దాన్ని పట్టుకోవడానికి గుండెకణం పైపొరలో బీటా రిసెప్టర్లు ఉంటాయి. అడ్రినలిన్ వచ్చి తగలగానే రిసెప్టర్ లోపలి వైపున్న జి ప్రోటీన్‌ను తట్టి లేపుతుంది. దాంతో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువులు తయారవుతాయి. చివరకు కణంలో కాల్షియం పెరిగి కండరం గట్టిగా, వేగంగా ముడుచుకుంటుంది.

ఇలాంటి రిసెప్టర్లు ఆల్ఫా, బీటా అని రెండు రకాలని 1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ చెప్పినప్పుడు నమ్మినవారు తక్కువ. ఆ మాటను పట్టుకుని 1960లలో జేమ్స్ బ్లాక్ ప్రొప్రనొలాల్ తయారు చేశారు. అదే బీటా బ్లాకర్ మందులకు నాంది. ఆయనకు 1988లో నోబెల్ వచ్చింది. రిసెప్టర్ ఎలా పనిచేస్తుందో, దాని రూపమేమిటో చూపించిన రాబర్ట్ లెఫ్‌కోవిట్జ్, బ్రయన్ కోబిల్కాలకు 2012లో వచ్చింది.

ఇప్పుడు మన గుడి గంట సంగతి చూడండి. ఎవరైనా ఒకసారి మోగిస్తే అందరం తల తిప్పుతాం. రోజంతా ఆపకుండా మోగిస్తే చెవులు మూసుకుంటాం. గుండెకణమూ అంతే. గుండె బలహీనపడితే దాన్ని నడిపించడానికి శరీరం అడ్రినలిన్ వంటి రసాయనాలను అదేపనిగా కుమ్మరిస్తుంది. కణం ఆ పోరు పడలేక రిసెప్టర్లను లోపలికి లాగేసుకుంటుంది. బాగా దెబ్బతిన్న గుండెల్లో అవి సుమారు సగానికి తగ్గిపోయాయని 1982లో తేలింది.

బీటా బ్లాకర్ ఆ గంట శబ్దాన్ని తగ్గిస్తుంది. బలహీనపడిన గుండెకు ఈ మందు ఇవ్వకూడదని ఒకప్పుడు డాక్టర్లే అనేవారు. 1975లో స్వీడన్ వైద్యులు జాగ్రత్తగా ఇచ్చి మేలు చూశారు. 1999లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో, ఈ మందు వాడినవారిలో మరణాలు మూడో వంతు తగ్గాయి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మందు వాడుతున్నంత కాలం కణానికి కబురు సరిగా వినబడదు. అందుకని అది చెవులు రిక్కించి కూర్చుంటుంది, అంటే రిసెప్టర్లను పెంచుకుంటుంది. ఆ స్థితిలో మందు హఠాత్తుగా మానేస్తే మామూలు గంటే పిడుగులా వినిపిస్తుంది.

ఇదంతా మాకు కొట్టినపిండి. అయినా మా ఇంట్లోనే జరిగింది. మాలో ఒకరికి అమ్మ, మరొకరికి అత్తగారు అయిన పెద్దావిడ ఆరు నెలలు ఉందామని ఇండియా నుంచి వచ్చారు. నాలుగేళ్ళ క్రితం స్టెంట్ వేశారు, మెటొప్రొలాల్ వాడుతున్నారు. తెచ్చుకున్నవి మూడు నెలల మాత్రలే. ఇక్కడ మందులు ఖరీదని ఎవరో చెప్పారట. మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని మొదట సగం మాత్ర, తర్వాత రోజు విడిచి రోజు వేసుకున్నారు. అవీ అయిపోయాక మానేశారు. మేము పగలంతా ల్యాబ్‌లో ఇవే రిసెప్టర్లు లెక్కపెడుతూ, రాత్రి ఆవిడ చేసిన పప్పుచారు తింటూ, "మాత్ర వేసుకున్నారా?" అని ఒక్కసారీ అడగలేదు.

ఒకరోజు తెల్లవారుజామున గుండె దడ, ఛాతీ నొప్పి. 911కి ఫోన్ చేశాం. ఎమర్జెన్సీలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, "ఈమధ్య ఏమైనా మందు మానేశారా?" ఆ ప్రశ్నకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఆవిడే మెల్లగా చెప్పారు. దైవకృపవల్ల ప్రాణాపాయం తప్పింది. ఆ మాత్ర ఇక్కడ చవకగా దొరికే జెనరిక్ అని తెలిశాక ఆవిడ, "ముందే చెప్పాల్సింది నాయనా" అన్నారు. ముందే అడగాల్సింది మేము.

అందుకే మూడు విన్నపాలు. పెద్దవాళ్ళు వస్తుంటే, ఉండే రోజులకు సరిపడా మందులు, ప్రిస్క్రిప్షన్ తెమ్మనండి. బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరు కూడా రాసిపెట్టుకోండి, ఇండియా బ్రాండ్లు ఇక్కడి ఫార్మసీలో తెలియకపోవచ్చు. గుండె మందు మానాల్సివస్తే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇప్పటికే మానేశారని తెలిస్తే సొంతంగా మళ్ళీ మొదలుపెట్టకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఛాతీ నొప్పి ఉంటే మాత్రం 911కే.

ఈ రాత్రి భోజనాలయ్యాక మీ ఇంట్లో పెద్దవాళ్ళ మాత్రల డబ్బా ఒకసారి చూడండి. "ఇంకా ఎన్ని ఉన్నాయి?" అని అడగండి. మా పరిశోధన అంతా చెప్పేదానికంటే ఆ ఒక్క ప్రశ్న ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక ప్రసాదానికి లేద్దాం.