పాత ఉక్కు - కొత్త కాగు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సభాముఖమున విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు పెద్దలు సెలవిచ్చియున్నారు. మేము మాత్రము ఒక పాత్రను గూర్చి మనవి చేయబూనితిమి. అది దేవాలయపు గంట కాదు, పూజకు దగిన పంచపాత్రయు కాదు. అమెరికా దేశమున గృహస్థులు తమ ఇంట బీరు కాచుకొనుటకై పాత స్టెయిన్‌లెస్ స్టీలు పీపాలను కోసి స్వహస్తములతో నిర్మించుకొను కాగు. మత్తుపానీయపు కాగుతో మన సంఘమునకేమి పని యని కొందరికి శంక కలుగవచ్చును. ఆ పానీయముతో మనకు పని లేదు. తుక్కులో కలియవలసిన ఉక్కును చేతిపనితో మరల పాత్రగా నిలిపిన ఆ విద్యతో మాత్రము మనకు చాల పని కలదు. దానిని వివరించి, అందుండి మనము గ్రహింపదగిన దేమో విన్నవించుటయే ఈ యుపన్యాస ప్రయోజనము.

మన పంచవృత్తులలో త్వష్టబ్రహ్మ పేర కంచరపని వెలసియున్నది. శ్రీకాకుళపు సీమలోని బుడితి, తణుకు చెంతనున్న అజ్జరము, తెలంగాణమున పెంబర్తి - ఈ గ్రామముల పేళ్లు చెప్పినంతనే ఇత్తడి మెరుపు కన్నుల గట్టును. పూర్వము ఇల్లాలు పగిలిన పాత్రను తెచ్చి తూచి యిచ్చెడిది. కంచరి దానిని మూసలో కరగించి కొత్త పాత్రకు వినియోగించెడివాడు. ఇత్తడి సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి కరగును గనుక మన బొగ్గు కొలిమి దానికి చాలెడిది. స్టెయిన్‌లెస్ స్టీలు కరగుటకు వేడిమి 1400 డిగ్రీలకు చేరవలెను. అది మన కొలిమికి లొంగదు. యంత్రములలో అచ్చుగ్రుద్దిన స్టీలు సామాను అంగళ్లు నిండినకొలది మన వీధులలో పెక్కు కొలుములు చల్లారినవి.

పాత ఇత్తడికి పునర్జన్మ కలదు. పాత ఉక్కునకు మన చేతిలో అట్టి పునర్జన్మ లేదు. ఉన్న దేహమునే నిలిపి దానికి వేరొక జీవితము నీయవలెను. కోయుట, తొలుచుట, అతుకుట, నునుపు చేయుట - ఈ నాలుగు పనులే దానికి కొలిమి. అమెరికా గృహస్థులు పట్టుకొనిన కీలక మిదియే.

ఆ చరిత్ర కొంత చెప్పవలసియున్నది. ఆ దేశమున 1920 మొదలు 1933 వరకు మద్యనిషేధము అమలునందుండెను. అది తొలగిన పిమ్మట ఇంట ద్రాక్షారసమును పులియబెట్టి త్రాగుటకు అనుమతి దొరకెను గాని బీరునకు దొరకలేదు. 1978 అక్టోబరు 14వ తేదీన అధ్యక్షుడు జిమ్మీ కార్టరు సంతకము చేసిన శాసనము ఆ లోపమును తీర్చెను. వయోజనుడు ఒక్కడే యున్న ఇంట సంవత్సరమునకు 100 గ్యాలనులు, ఇద్దరు లేక అంతకెక్కువ మంది యున్న ఇంట 200 గ్యాలనులు పన్ను లేకుండ కాచుకొనవచ్చును, అమ్మరాదు. రాష్ట్రముల సమ్మతియు కావలసియుండుటచే మిసిసిపి, అలబామా రాష్ట్రములలో 2013 వరకు ఈ పని న్యాయసమ్మతము కాలేదు. ఆ 1978లోనే చార్లీ పపాజియను మొదలగువారు ఇంట బీరు కాచుకొనువారికి ఒక సంఘమును స్థాపించి పత్రికను నడపసాగిరి. అనుమతి వచ్చెను, సంఘము వచ్చెను. ఇంటికి దగిన ఉపకరణములు మాత్రము సులభముగా దొరకలేదు. వంటయింటి గిన్నె చాలదు, కార్ఖానా కాగు ఇంట పట్టదు. అట్టి యెడ పలువురి దృష్టి పాత బీరు పీపాలపై పడెను.

ఆ పీపా యే లోహముతో చేయబడినదో తెలిసికొందము. 1913వ సంవత్సరమున ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున హారీ బ్రియర్లీ యనునాతడు తుపాకి గొట్టములు త్వరగా అరగకుండు లోహమునకై పరిశోధించుచు, క్రోమియము కలిపిన ఉక్కు ఆమ్లములకు లొంగకుండుట గమనించెను. ఉక్కులో క్రోమియము నూటికి పదిన్నర పాళ్లకు తగ్గకున్నచో గాలిలోని ప్రాణవాయువుతో కూడి దాని పైని కంటికి కనబడనంత పలుచని పొర యేర్పడును. తుప్పును ఆపునది ఆ పొరయే. గీత పడినను గాలి సోకినంతనే అది మరల కట్టుకొనును. రాగి, ఇత్తడి పాత్రలలో పులుపు తగిలి చిలుమెక్కకుండ మనము తగరముతో కళాయి పెట్టుదుము. అరిగినపుడు మరల పెట్టుదుము. స్టెయిన్‌లెస్ స్టీలు తనకు తానే కళాయి పెట్టుకొను లోహమని చెప్పవచ్చును. బీరు పీపాలకు సాధారణముగా వాడునది 304 రకపు ఉక్కు. అందు నూటికి సుమారు 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు ఉండును.

అమెరికాలో పెద్ద పీపా పదిహేనున్నర గ్యాలనులు, అనగా 58 లీటర్లకు పైగా పట్టును. ఐరోపా పీపా 50 లీటర్లది. ఇందు మొదటి నియమము లోహమునకు సంబంధించినది కాదు, ధర్మమునకు సంబంధించినది. అంగడివాడు పీపాకై పుచ్చుకొను ధరావతు దాని వెల కాదు. పీపా కార్ఖానాదారుని సొత్తు. వారు పాతబడినవని విక్రయించిన వానినే కొనవలెను. పరుల సొత్తును కోసి చేసిన పాత్ర యెంత చక్కనిదైనను దొంగసొత్తే.

రెండవ నియమము ప్రాణమునకు సంబంధించినది. ఖాళీగా కనబడు పీపాలో గూడ వాయువు ఒత్తిడితో నిలిచియుండును. మొదట వాల్వు నొక్కి ఆ వాయువును పూర్తిగా వెడలించి, పిమ్మట లోపలి గొట్టమును ఊడదీయవలెను. అటుపిమ్మట గాని గ్రైండరు తాకింపరాదు. ఒత్తిడి యున్న పీపాను కోయబూనుట ప్రాణాపాయము.

అనంతరము పైభాగమున సుమారు 30 సెంటిమీటర్ల వెడల్పున వృత్తము గీచి కోయుదురు. మామూలు ఇనుమును కోసిన చక్రమును గాని, ఇనుపతీగల కుంచెను గాని దీనికి వాడరాదు. ఇనుపరజను ఆ పైపొరలో నాటుకొని, అచట తుప్పు మొలచును. కోసిన యంచును ఆకురాయితో చేతికి గ్రుచ్చుకొనకుండ తీర్చవలెను. అడుగుభాగమున కొళాయికై రంధ్రము తొలచునపుడు డ్రిల్లును మెల్లగా త్రిప్పుచు, నూనె పోయుచు, గట్టిగా అదుముచుండవలెను. వేగముగా త్రిప్పి ఒకేచోట రాపిడి కలిగించినచో ఉక్కు అచటనే గట్టిపడి డ్రిల్లు మొనను విరుచును. ఇనుమునకు అలవాటుపడిన చేయి ఈ ఒక్క విషయమున కొత్తగా నేర్చుకొనవలసియుండును.

కొళాయిని రెండు విధముల అమర్చవచ్చును. అతుకు లేకుండ మరలతోను, సిలికాను వాషరుతోను బిగించుట యొకటి. టిగ్ వెల్డింగుతో అతుకుట మరియొకటి. మొదటిది సులభము, రెండవది శాశ్వతము. టిగ్ వెల్డింగున ఆర్గాన్ వాయువు పైని మాత్రమే గాక పాత్ర లోపలి వైపునను నింపవలెను. లేనిచో అతుకు వెనుకభాగము పంచదార పలుకులవలె గరుకుదేరి, అచట క్రిములు దాగును. వేడికి నీలిరంగు తిరిగిన చోట రక్షకమైన పొర చెడినట్లు. దానిని శుభ్రపరచి, సిట్రిక్ ఆమ్లముతో కడిగి, పొరను మరల కట్టనీయవలెను. ఈ వెల్డింగు పొగలో విషతుల్యమైన క్రోమియము కలదు. 2017లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ వెల్డింగు పొగను మానవులకు క్యాన్సరు కలిగించు వాని కోవలో చేర్చెను. గాలి యాడని గదిలో ఈ పని చేయరాదని మా మనవి.

ఇట్టి కాగులు మూడు కూర్చిన ఇల్లు చిన్న కార్ఖానాయే. మొదటిదానిలో నీరు కాగును. రెండవదానిలో మొలకెత్తించి యెండించిన బార్లీ నూకను 65 మొదలు 68 డిగ్రీల వేడినీట నానవేయగా అందలి పిండిపదార్థము తీపిగా మారును. చిల్లులు పొడిచిన రేకు అడుగున నుండి నూకను ఆపి రసమును దిగవిడుచును. మూడవదానిలో ఆ రసమును హాప్స్ పువ్వులతో గంటసేపు మరిగింతురు. ఇచట ఉక్కు లోపము బయటపడును. అది వేడిని పంచుటలో రాగికన్న సుమారు 25 రెట్లు వెనుకబడినది. మంట తగులు చోట రసము మాడును. మరిగిన రసమును త్వరగా చల్లార్చుటకు గూడ అది పనికిరాదు. అందుచే సుమారు 15 మీటర్ల రాగిగొట్టమును చుట్టగా చుట్టి, రసములో ముంచి, దానిలో చన్నీరు పారింతురు. కాచునది ఉక్కు, చల్లార్చునది రాగి. మనుబ్రహ్మ యినుము, త్వష్ట రాగి యొకే కాగులో కలిసి పనిచేయుట మన సంఘమువారికి ముచ్చట గొలుపదా?

చల్లారిన రసములో ఈస్టు వేసి పులియబెట్టుట కడపటి ఘట్టము. అచట ప్రతి గీతయు, ప్రతి గరుకు అతుకును చెడుక్రిములకు ఇల్లగును. మన పెద్దలు అందమునకై చేసిన మెరుగు ఇచట ఆరోగ్యరక్షణ యగుచున్నది. అట్టి పాత్రను క్లోరిను కలిసిన బ్లీచితో కడుగరాదు. ఉప్పునీటివలెనే అదియు ఉక్కును గుంటలు పడగొట్టును.

పాతసామాను ఎంచుటలోను వివేకము వలయును. రసాయనములు నింపిన పీపా ఎన్ని మారులు కడిగినను ఆహారమునకు తగదు. చవుక సామానులో నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన 200 వరుస ఉక్కు విస్తారముగా నున్నది. అది 304తో సమానము కాదు. అయస్కాంతము అంటకున్నంత మాత్రమున మంచి ఉక్కని నమ్మరాదు, 200 వరుసకును అది అంటదు. కావున కొనునపుడు రకపు ముద్రను చూడవలెను.

ఇక మన దేశపు మాట. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో లైసెన్సు లేక బీరు కాచుట గాని సారా దించుట గాని నేరము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచి నిలిచిన సంగతి ఎల్లరకు విదితము. సారా బట్టీకి పాత్ర చేసియిచ్చు చేయి మన చేయి కారాదు. అయినను ఈ విద్యకు ధర్మమైన మార్గములు పెక్కు గలవు. హైదరాబాదున లైసెన్సు పొందిన చిన్న బీరు తయారీశాలలు కలవు. వాని కాగులకు, గొట్టములకు అతుకుపని యెప్పుడును ఉండును. పాలకేంద్రముల డబ్బాలు, నీరా కాచి బెల్లము చేయు పెనములు, అన్నదాన సత్రముల గుండిగలు - ఇవన్నియు ఇదే ఉక్కు, ఇదే పని. నీరా గంటలలోనే పులియును గనుక నునుపైన శుభ్రమైన పాత్ర దానికి ముఖ్యావసరము.

మేము విన్నవింపదలచిన ముఖ్యాంశ మిది. ఆ దేశమున ఈ కాగులు చేసికొనినవారిలో ఎక్కువమంది వంశపారంపర్యపు లోహకారులు కారు. ఒకడు కనుగొనిన కిటుకును పత్రికలో వ్రాసెను, వేరొకడు దానిని దిద్దెను, మూడవవాడు అంతకన్న మేలుగా చేసెను. మన యిండ్లలోనో, మూసమట్టి పాళ్లు, లోహపు పాళ్లు తండ్రి కొడుకునకు మాత్రమే చెప్పెడివాడు. కొడుకు ఉద్యోగమునకు పోయినచో ఆ విద్య ఆ యింటితోనే అంతరించుచున్నది. దాచిన విద్యకు వారసుడు ఒక్కడే. పంచిన విద్యకు వారసులు వేలమంది.

కావున పోషక మహాశయులను మేము కోరునది స్వల్పము. మన వసతిగృహపు ఆవరణలో గాలి యాడు షెడ్డు ఒకటి. టిగ్ వెల్డింగు యంత్రము, ఆర్గాన్ సిలిండరు, ముఖమునకు రక్షణలు, మంచి గ్రైండరు. వారమునకు రెండు సాయంత్రములు నేర్పుటకు అనుభవజ్ఞుడైన వెల్డరు ఒకడు. అచట బాలురతోబాటు బాలికలును నేర్చుకొందురు గాక. చేరవచ్చిన ఇతర సంఘముల బిడ్డలను త్రోసిపుచ్చకుందుము గాక. బుడితి, అజ్జరము, పెంబర్తి పెద్దలు వచ్చి మెరుగు పెట్టు విధమును చూపుదురు గాక. నేర్చినదంతయు తెనుగున వ్రాసి మన సంచికలో ఏటేట ప్రకటింతము. మొదటి యేట పాత పాలడబ్బాతో ఒక్క కాగు సిద్ధమై సత్రపు పొయ్యి కెక్కినచో, ఈ మహాసభ తీర్మానములలో ఒకటి పొయ్యిమీద ఉడికినట్లు లెక్క.