లెక్క కుదిరినంతమాత్రమున సత్యమగునా?
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ పండుగనాడు నన్ను మాటాడుమని కార్యదర్శిగారు అడిగినప్పుడు కొంత జంకితిని. నేను ఉపన్యాసకుడను కాను. ఊరి సహకార పరపతి సంఘములో లెక్కలు వ్రాయువాడను. నా బడిచదువు పదవ తరగతితో నిలిచిపోయినది. ఆ పిమ్మట నాకబ్బిన నాలుగు కావ్యముల పరిచయము చాలవరకు ఈ బీరువాలు పెట్టిన భిక్ష. ఆ ఋణము కొంతైనను తీరునను ఆశతో నిలుచుంటిని. కంప్యూటరు వచ్చిన తరువాత సంస్థల పని ఎట్లు మారినది, ఆ విద్యలో బ్రతుకుతెరువు వెదకు మన పిల్లలు ఏమి నేర్వవలెను అనునది నాకిచ్చిన విషయము.

మొదట ఈ గదినే చూడుడు. గ్రంథపాలకుని బల్లమీద మూడు రిజిష్టర్లున్నవి. ఒకటి, వచ్చిచేరిన ప్రతి పుస్తకమునకును వరుసనంబరు వేయు ఆక్సెషన్ రిజిష్టరు. రెండవది సభ్యుల పట్టిక. మూడవది, ఎవరు ఏ పుస్తకము ఎన్నడు తీసికొనిపోయిరో తెలుపునది. ఈ మూడింటిని కలిపి చూచినచో ఏ పుస్తకము ఎవరి యింట నున్నది, దేనికి గిరాకి హెచ్చు, ఏది మరియొక ప్రతి కొనవలెను అను సంగతులు తేలును. విడివిడి వ్రాతలను కలిపి, ఒక నిర్ణయమునకు పనికివచ్చునట్లు చేయు ఈ ఏర్పాటునే నేడు సమాచార వ్యవస్థ అనుచున్నారు. కంప్యూటరు దానికి వేగము నిచ్చినది; ఏర్పాటు మాత్రము పాతదే. మరియొక చిన్న సంగతి జ్ఞాపకముంచుకొనుడు. పోతనగారి భాగవతము మనవద్ద రెండు ప్రతులున్నవి. పేరొకటే; నంబర్లు వేరు.

ఎంత పాతదో చెప్పెదను. కౌటిల్యుని అర్థశాస్త్రములో అక్షపటలమను లెక్కల కచ్చేరిని గూర్చి ఒక అధ్యాయమే కలదు. పనిదినముల సంవత్సరము 354 అహోరాత్రములనియు, ఆషాఢ పూర్ణిమతో అది ముగియవలెననియు అందు నియమము. పద్దును వరుస తప్పించి వ్రాసినను, తెలియరానట్లు వ్రాసినను, వ్రాసినదే మరల వ్రాసినను లేఖకునికి పన్నెండు పణముల జరిమానా. ఉద్యోగులు రాజధనము నపహరించు మార్గములు నలువది యని కూడ ఆయన లెక్కించెను! ఇంతటి గ్రంథము చిరకాలము మరుగుపడియుండగా, మైసూరు ప్రాచ్య గ్రంథాలయమున గ్రంథపాలకులైన శామశాస్త్రిగారు తాళపత్రప్రతినుండి పరిష్కరించి 1909లో అచ్చువేయించిరి. లెక్కలవానికి గ్రంథాలయము చేసిన ఉపకారములలో దీనిని మొదటిదిగా నేనెంచుదును.

మార్పన్నది మా యింటికి క్రొత్త కాదు. మా తండ్రిగారు కరణము చేసిరి. 1984లో ప్రభుత్వము కరణీకము మునసబు పదవులను రద్దుచేసినప్పుడు నాకు పదునైదేండ్లు. అడంగళ్లు, పహాణీలు, కొలత గొలుసు అన్నియు అప్పగించి, చీటీ పుచ్చుకొని, ఆయన ఆ సాయంకాలము అరుగుమీద ఊరక కూర్చుండిరి. వంశపారంపర్యముగా వచ్చు అధికారము పోవుట న్యాయమేయని నేనిప్పుడు ఒప్పుకొందును. కాని ఆనాటి ఆయన ముఖము మరువలేను. అందుచేతనే మా సంఘమునకు కంప్యూటరు వచ్చునని విన్నప్పుడు నా గుండె ఝల్లుమనెను.

2022 జూన్ నెలలో కేంద్రప్రభుత్వము దేశములోని 63,000 ప్రాథమిక సహకార సంఘములను కంప్యూటరుతో నడుపుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. దాని చలువ మాకును సోకినది. అదివరకు రైతు ఒక వాయిదా చెల్లించినచో చిట్టాలో ఒకమారు, అతని ఖాతాలో ఒకమారు, సంఘపు ఆవర్జాలో ఒకమారు వ్రాయవలసియుండెను. మార్చి 31 వచ్చినదనిన తేరీజు కుదురువరకు మాకు నిద్ర లేదు. ఇప్పుడు ఒక్కమారు వ్రాసిన మూడుచోట్లకును అదే పోవును. పైబ్యాంకువారు అడిగిన పట్టిక, వారముదినములు పట్టునది, గడియలో వచ్చును. ఏబది దాటిన వయస్సున ఈ విద్య నేర్చుకొని, నేను కొంత గర్వపడితిని కూడ.

ఆ గర్వమునకు శాస్తి జరిగినది. పాత ఖాతాలను కంప్యూటరులోనికి ఎక్కించు దినములలో ఒకనాటి రాత్రి, ఒక రైతు చెల్లించిన 40,000 రూపాయలను వేరొకరి ఖాతాలో జమ చేసితిని. ఇద్దరి పేరును ఒకటే, ఇంటిపేరును ఒకటే. సభ్యత్వపు నంబర్లు వేరుగా నున్నవి. నిద్రమత్తులో నేను పేరు చూచితినే గాని నంబరు చూడనైతిని. తేరీజు పైసాతో సహా కుదిరినది! వచ్చిన సొమ్ము వచ్చినట్లే యుండగా ఎవరి ఖాతాలో పడినను మొత్తము మారదు గదా. బాకీ తగ్గినట్లు కనబడిన రెండవ ఆసామి నోరు మెదపలేదు. తగ్గిన బాకీని గూర్చి ఎవరు ఫిర్యాదు చేయుదురు?

తొలకరికి మొదటి రైతు క్రొత్త అప్పునకు వచ్చెను. వాయిదా మీరిన బాకీదారుడని కంప్యూటరు చూపెను. నేను కాబోలు ననుకొంటిని. ఆయన వాదింపక వెడలిపోయి, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చి నాట్లు వేసికొనెను. రెండు నెలలకు పాత రసీదు దొరికినదని తెచ్చి నా బల్లమీద పెట్టి, “పంతులుగారూ, మీ కంప్యూటరు మాట చెల్లుతుందా, నా కాగితం చెల్లుతుందా?” అని అడిగెను.

తూకమునకు అమ్మివేయవలెనని మూలకు కట్టియుంచిన పాత ఆవర్జాను విప్పి చూచితిని. కాగితము మాటయే చెల్లినది. కంప్యూటరులో తప్పును చెరిపివేయుటకు వీలులేదు. దిద్దుబాటు పద్దు వేరుగా వేయవలెను. కనుక నా తప్పు నా పేరుతో, తేదీతో నేటికిని అందున్నది. అట్లుండుటయే మంచిది. కత్తితో కాగితము గీకి అంకెలు మార్చిన కథలు పూర్వము ఎన్ని వినలేదు! ఆయన కట్టిన వడ్డీ 1,600 రూపాయలు నా జీతమునుండి తీసికొని వారి యింటికి పోతిని. ఆయన పుచ్చుకొని, రెండుమారులు లెక్కపెట్టి, చీటీమీద నాకు రసీదు వ్రాసియిచ్చెను. దానిని దాచియుంచితిని.

తరువాత చదివి తెలిసికొంటిని. 1970లో ఐ.బి.ఎం. సంస్థలోని కాడ్ అను శాస్త్రజ్ఞుడు సమాచారమును పట్టికలుగా అమర్చు పద్ధతిని ప్రతిపాదించెను. ఒక వరుసను మరియొక వరుసనుండి తప్పక వేరుపరుచు గుర్తు ప్రతి పట్టికలోను ఉండవలెనని అందలి ముఖ్యనియమము. పేరు అట్టి గుర్తు కాజాలదు, నంబరు కాగలదు. మన భాగవతము ప్రతులు రెండును నాకు ముందే చెప్పిన పాఠమిది, నేను వినలేదు.

ఇక పిల్లలకు ఒక మాట. ఈ విద్యలో ఉద్యోగములు పలుతెరగులు. ఒకరు ప్రోగ్రాములు వ్రాయుదురు, ఒకరు వాటిని పరీక్షింతురు, ఒకరు దొంగలబారినుండి కాపాడుదురు, ఒకరు సంస్థకు ఏమి కావలెనో అడిగి తెలిసికొని నిపుణులకు బోధపరుతురు. నేడు కృత్రిమ మేధ ప్రోగ్రాములను సైతము వ్రాయుచున్నది. మీరు నేడు నేర్చిన కంప్యూటరు భాష పదియేండ్లకు పాతబడవచ్చును. ఏ పనికొరకు యంత్రమును పెట్టిరో ఆ పనిని ఎరిగినవానికి మాత్రము గిరాకి తగ్గదు. భారతమును వ్రాయుటకు గణపతి ఒప్పుకొన్నప్పుడు, అర్థము తెలియక ఒక్క శ్లోకమైనను వ్రాయరాదని వ్యాసుడు నియమము పెట్టెనని ప్రసిద్ధమైన కథ కలదు. వ్రాతగాండ్రకెల్ల ఆ నియమమే శరణ్యము. ఆ రాత్రి నేను దానిని తప్పితిని. ఒక రైతు దాని వడ్డీ కట్టెను.

కడపట రెండు విన్నపములు. మన గ్రంథాలయమునకును కంప్యూటరు తెప్పింపుడు. కాని ఈ ఆక్సెషన్ రిజిష్టరును పారవేయకుడు. రెండవది, ఆదివారము సాయంకాలము ఒక గంట ఈ గది నాకిచ్చినచో, చిట్టా ఆవర్జాలు వ్రాయుట ఇష్టమున్న బాలబాలికలకు నేర్పెదను. రుసుము అక్కరలేదు. నేను తప్పు చెప్పినచో దిద్దువారు మాత్రము కావలెను.

సెలవు.